పిల్లి లేని కారు

మొదటే ఒప్పేసుకుంటే పీడా పోతుంది. బాగా నడుస్తున్న కారును నేనే బాగుచేశాను. బాగుచేసిన మూడో రోజు నుంచి దానికి బాగోలేదు. తనకు బాగోలేదని అది పసుపు దీపం పెట్టి మరీ చెబితే, కారును వదిలేసి దీపాన్ని ఆర్పాను. ఒకసారి కాదు, రెండు రోజులకోసారి చొప్పున మూడు నెలలు ఆర్పాను. నిష్ఠగా దీపం పెట్టేవాళ్ళు మా వంశంలో చాలామంది ఉన్నారు. ఇంత నిష్ఠగా ఆర్పినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ పాపంలో నా ఉద్యోగానికీ వాటా ఉంది. మేముండే ఆష్‌బర్న్‌లో చెట్లకన్నా డేటా సెంటర్లు ఎక్కువ. వాటిలో ఒకదాంట్లో సర్వర్లు సుఖంగా ఉన్నాయో లేదో తెరమీద చూస్తూ కూర్చోవడం నా పని. ఎక్కడో ఏదో వేడెక్కుతుంది, తెరమీద అలర్ట్ వస్తుంది. 'చూశాను' అని ఒక బటన్ నొక్కుతాను, 'క్లియర్' అని ఇంకోటి నొక్కుతాను. చాలాసార్లు అది మళ్ళీ రాదు. వచ్చినా తరవాతి షిఫ్టువాడికి వస్తుంది. పదకొండేళ్ళు ఇలా బతికినవాడికి లోకంలోని ప్రతి కష్టమూ ఒక అలర్టే. ప్రతి అలర్టుకూ ఎక్కడో ఒక బటన్ ఉండితీరుతుంది.

కారు చిన్నదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్బో సెడాన్. మా ఇద్దరికీ అదొక్కటే. స్టీరింగ్ కింద, మోకాలు తగిలేచోట, ప్లాస్టిక్ మూతితో ఒక సాకెట్ ఉంటుంది. దాన్ని ఓబీడీ పోర్టు అంటారు. ఇంజిన్‌కు ఎక్కడ నొప్పిగా ఉందో కారులోని కంప్యూటర్ ఆ పోర్టు దగ్గర చెప్పుకుంటుంది. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు 'ఒబ్బిడి' అని వినిపించింది. ఆలోచిస్తే నా చెవులదేమంత తప్పు కాదు. కారు చేసినవాడు ఆ కంప్యూటర్‌లో రాసి పంపింది అచ్చంగా ఒబ్బిడే. పెట్రోలు ఇంతే తాగు, గాలి ఇంతే పీల్చు, పొగ ఇంతే వదులు. ఇంట్లో ఒబ్బిడిగా ఉండేవాళ్ళ విలువ మనకు ఎప్పుడు తెలుస్తుందో వేరే చెప్పాలా?

ఆ ఒబ్బిడిని వదిలించుకోవచ్చని నాకు చెప్పినవాడు మా అపార్ట్‌మెంట్ల వెనక టౌన్‌హోమ్‌లో ఉండే మిత్రుడు. కరీంనగర్ వాడు, నెట్‌వర్క్ ఇంజినీరు. వాడు నన్ను మామా అంటాడు, నేను వాణ్ణి బావా అంటాను. ఆ లెక్కన మా చుట్టరికం ఏమవుతుందో తేల్చడానికి ఇంతవరకు ఎవరూ సాహసించలేదు.

"ఇంజిన్ల బలం మస్తుంది మామా. రాతనే బాలేదు," అన్నాడు ఒకరోజు నా కారు పక్క సీట్లో కూర్చుని. "కంపెనీ వాడు సగం పవర్ దాసిపెట్టిండు. ట్యూన్ మార్చినమంటే అయిపాయె."

"ట్యూన్ మారిస్తే పాట కూడా మారుతుందా బావా?"

"పాట గాదు, నీ బతుకే మారుతది సూడు."

వాడన్న మాట నిజమే అయింది.

ట్యూన్ మార్చే పరికరం అరచేతిలో పట్టేంత పెట్టె. దాన్ని ఓబీడీ పోర్టుకు తగిలిస్తే, కారులోని పాత రాతను లాగి తన కడుపులో దాచుకుని, దాని చోట కొత్త రాత రాస్తుంది. ఒకసారి ఒక కారుకు తగిలాక ఇక మరో కారు ముఖం చూడదు. ఈ బంధానికి ఆ వ్యాపారంలో వాడే మాట 'మ్యారీ'. తెరమీద నిజంగానే అడుగుతుంది, ఈ కారును పెళ్ళి చేసుకోమంటావా అని. ఒక ఆదివారం పొద్దున పదిన్నరకు, మా ఆవిడ పైన వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుండగా, కింద పార్కింగ్‌లో ఆ పెళ్ళి జరిపించాను. వర్జ్యం చూడలేదు. ఏడంటే ఏడు నిమిషాలు పట్టింది. సప్తపదికి సరిపోయిందనుకున్నాను.

కారు మారింది. ఆ మాట ఒప్పుకోకపోతే పాపం కారుకు అన్యాయం చేసినట్టవుతుంది. హైవే ఎక్కేచోట కాలు ఆనిస్తే వీపు సీటుకు అతుక్కునేది. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, పొట్ట కాస్త ముందుకొచ్చినవాడికి, తనకన్నా ముందు పోయేది ఇంకోటి ఉందని తెలియడం ఎంత ఊరటో చెప్పలేను.

అక్కడితో ఆగినా బాగుండేది. మిత్రుడు 'స్టేజ్ టూ' అన్నాడు. ఇంజిన్ వదిలిన పొగను కడిగి బయటికి పంపే డబ్బా ఒకటి కారు కింద ఉంటుంది. దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. అంత పొడుగు పేరుతో ఎవరూ పిలవరు. మెకానిక్కులందరికీ అది 'క్యాట్'. ఆ పిల్లి దారికి అడ్డంగా కూర్చోవడంవల్ల పొగ విసురుగా పోలేకపోతోందట. దాన్ని తీసి ఖాళీ గొట్టం బిగిస్తే ఇంజిన్‌కు ఊపిరి ఆడుతుందట. పిల్లి అడ్డం వస్తే పని కాదని చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి, వెంటనే ఒప్పుకున్నాను. వాడి గ్యారేజ్‌లో ఒక శనివారం పిల్లిని ఊడదీశాం.

మూడో రోజున పసుపు దీపం వెలిగింది, ఇంజిన్ బొమ్మతో సహా. సంగతేమిటంటే, పిల్లికి ముందొక సెన్సరు, వెనకొక సెన్సరు ఉంటాయి. వెనకది పొగ వాసన చూసి, 'క్యాట్ సరిగా పనిచెయ్యడం లేదు' అని రిపోర్టు రాస్తుంది. అసలు క్యాటే లేదని దానికి తెలియదు. ఆఫీసుకు వచ్చి పని ఎగ్గొడుతోందని అనుకుంటుంది, పాపం.

మిత్రుడికి ఫోన్ చేశాను. "ఏం గాదు మామా. పోర్టుకు పెట్టేటి చిన్న స్కానర్ దొరుకుతది. కోడ్ క్లియర్ చెయ్యి, దీపం పోతది. మల్లొస్తే మల్ల చెయ్యి. నాది గూడ గంతే గదా."

క్లియర్ అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. బటన్ ఉందన్నమాట! ఆ రోజు నుంచి దీపం వెలిగినప్పుడల్లా ఆఫీసు పార్కింగ్‌లో కారు దిగేముందు స్కానర్ తగిలించి, ఫోన్లో 'క్లియర్' నొక్కి, పవిత్రుణ్ణై లోపలికి వెళ్ళేవాణ్ణి. దీపం ఎలాగో దాచాను కాని చప్పుడు దాగలేదు.

"ఏంటండీ, కారు గురక పెడుతోంది?" అంది మా ఆవిడ ఒకరోజు.

"జలుబు చేసిందేమో."

"కారుకా, మీకా?"

నేను తుమ్మి తప్పించుకున్నాను.

ఇప్పుడు మా ఆవిడ గురించి చెప్పాలి. ఆమె ఫిజియోథెరపిస్టు. గుంటూరులో ఆరేళ్ళు పనిచేసింది. ఇక్కడికొచ్చాక లైసెన్సు పరీక్ష మొదటిసారే పాసైంది. కాని నా వీసా మీద వచ్చిన మనిషి కనుక, పనిచెయ్యడానికి అనుమతి కాగితం రావాలి. దానికోసం మూడేళ్ళు ఇంట్లో కూర్చుంది. ఆ మూడేళ్ళలో నా మెడ, నా నడుము, పక్కింటివాళ్ళ భుజాలు అన్నీ సరిచేసింది. ఆగస్టులో కాగితం వచ్చింది. అక్టోబరులో ఉద్యోగం వచ్చింది. లీస్‌బర్గ్ నుంచి వించెస్టర్ దాకా ఉన్న ఊళ్ళలో మోకాలి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి నడక నేర్పాలి.

ఆ మెయిల్ నాకు గట్టిగా చదివి వినిపించింది. నవంబరు మొదటి సోమవారం చేరాలి. రోజంతా కారులోనే తిరగాలి కనుక సొంత కారు ఉండాలి, అద్దె కారు కుదరదు. ముందటి శుక్రవారం సాయంత్రంలోగా కారు రిజిస్ట్రేషన్ కాగితం పంపాలి. అందకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తరవాతి మనిషికి వెళుతుంది.

"మన రిజిస్ట్రేషన్ ఈ నెలాఖరుకి అయిపోతోందండీ. రెన్యూ చెయ్యాలంటే ఎమిషన్స్ పాసవ్వాలంట. ఆ పొగ టెస్టు ఒకటి చేయించుకొచ్చెయ్యండి, పది నిమిషాల పనేగా," అంది.

చేతిలో పది రోజులున్నాయి. ఆమె కళ్ళలో మూడేళ్ళు ఉన్నాయి. నా కారులో పిల్లి లేదు.

నిజం చెప్పడానికి అది మంచి సమయం. నేను, "రేపే వెళతాను," అన్నాను.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పిల్లి లేనప్పుడు ఆ పని కూడా మనమే చేసుకోవాలి. మర్నాడు ఎమిషన్స్ స్టేషన్ పార్కింగ్‌లో ఒక మూల ఆగి, స్కానర్ తగిలించి, దీపం ఆర్పి, మూతి తుడుచుకున్నంత అమాయకంగా కారును లోపలికి పోనిచ్చాను. ఎప్పుడో పాతకాలంలోలాగా పొగగొట్టంలో ఏదో పెట్టి చూస్తారనుకున్నాను. నీలం ఓవరాల్స్ వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి, గొట్టం వైపు కూడా చూడకుండా, నేరుగా నా మోకాలి దగ్గరికి వంగి ఓబీడీ పోర్టుకు కేబుల్ తగిలించింది. నేను మూడు నెలలుగా అబద్ధం చెబుతున్న చెవిలోనే ఆమె నిజం అడుగుతోంది.

"దేవుడా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు," అన్నాను. లోపలే అనుకున్నాననుకున్నాను.

"ఓ, తెలుగా అంకుల్?"

అంకుల్! ఆమెకు ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. ఇక్కడే పుట్టి పెరిగిన గొంతు. అవునన్నాను, రెండు ప్రశ్నలకూ కలిపి.

"మీ కార్ రెడీ లేదు అంకుల్."

"స్టార్ట్ అయ్యే ఉంది కదమ్మా."

"కాదు కాదు. లోపల టెస్ట్స్ ఉంటాయి. కార్ తనే తన టెస్ట్స్ చేసుకుంటది, డ్రైవ్ చేస్తే. క్యాట్ ఓకేనా, సెన్సర్స్ ఓకేనా అని. మీది ఒక్కటి కూడా ఫినిష్ కాలేదు. మీరు కోడ్స్ క్లియర్ చేసావా?"

"లేదమ్మా."

ఆమె తెర వైపు చూసింది. నా వైపు చూసింది. కోపం లేదు ఆ ముఖంలో, జాలే ఉంది.

"అంకుల్, మీరు అబద్ధం చెప్తున్నావు. క్లియర్ చేసినాక ఎన్ని మైల్స్ వెళ్ళిందో కార్ రాసుకుంటది. ఇక్కడ జీరో ఉంది. జీరో అంటే..." కిటికీలోంచి పార్కింగ్ వైపు చూసింది. "అక్కడ చేసావా?"

'మీరు' అనడంలో గౌరవం, 'చెప్తున్నావు' అనడంలో నిజం. నా గురించి అంత సరైన వ్యాకరణంతో ఎవరూ మాట్లాడి ఉండరు.

కారును పైకెత్తి కింద లైటు వేసి చూసింది. "అంకుల్, మీ క్యాట్ ఏది?"

"ఫ్రెండ్ వాళ్ళింట్లో ఉంది."

ఆమె పెదవి బిగించి చాలాసేపు నవ్వు ఆపుకుంది. తరవాత ముఖం మామూలుగా చేసుకుని, క్యాట్ తీసేసి రోడ్డుమీద తిరగడం చట్టానికి విరుద్ధమని, ఇలాంటి కారును ఏ స్టేషన్లోనూ పాస్ చెయ్యరని చెప్పింది. తిరస్కరించినట్టు కాగితం అచ్చువేసింది. ఎప్పటికి కావాలని అడిగితే వచ్చే శుక్రవారానికి అన్నాను, ఎందుకో కూడా చెప్పాను. ఆమె కాగితం వెనక్కి తిప్పి పెన్నుతో రాయడం మొదలుపెట్టింది. క్యాట్ బిగించాలి. ట్యూన్ తీసేసి పాత రాత రాయించాలి. ఆ తరవాత ఎలా నడపాలో, ఎంతసేపు నడపాలో వరసగా రాసింది.

"ఇంక క్లియర్ చెయ్యొద్దు అంకుల్. చేస్తే మళ్ళీ జీరో. లైట్ వస్తే రానీ. లైట్ ప్రాబ్లమ్ కాదు, లైట్ హెల్ప్ చేస్తది."

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పేశాను. పెళ్ళి నుంచి పిల్లి దాకా, పిల్లి నుంచి జీరో దాకా. ఆమె వంటింటి గట్టుకు ఆనుకుని విన్నది. కేకలేస్తే బాగుండును అనిపించింది. వెయ్యలేదు.

"గుంటూరులో నాకు కొందరు పేషెంట్లు ఉండేవాళ్ళు," అంది చివరికి. "మోకాలు నొప్పెడితే మాత్ర మింగి చేలోకి పోయేవాళ్ళు. నొప్పి పోయింది కదా అని. మోకాలు పోయాక నా దగ్గరికొచ్చేవాళ్ళు. వాళ్ళంటే చదువుకోలేదండీ. మీకేం వచ్చింది?"

ఆ అమ్మాయి రాసిచ్చిన కాగితం తీసి గట్టుమీద పెట్టాను.

"సరే, ఏం చేస్తే అవుద్దో చెప్పండి. మీ సంగతి తర్వాత చూస్తాను."

శనివారం పొద్దున్నే ఇద్దరం మిత్రుడి గ్యారేజ్‌కి వెళ్ళాం. పిల్లి కనపడలేదు. వాడు అటక చూశాడు, మెట్ల కింద చూశాడు. చివరికి వాళ్ళావిడ చూపించింది. గ్యారేజ్ కిటికీ దగ్గర, తులసి కుండీ కింద ఎత్తుపీటగా ఉంది. మూడు నెలలుగా మా పిల్లి రోజూ పసుపు కుంకుమలతో పూజలందుకుంటోంది. నా కారు కింద ఉన్నన్నాళ్ళూ దానికి ఇంత గౌరవం జరగలేదు.

"ఏందన్నా గిది," అంది మా ఆవిడ వాడితో. కోపమొస్తే ఆమె ఎదుటివాళ్ళ యాస మాట్లాడుతుంది.

"వదినా, నాకేం తెల్సు. నా కారుకు అయిదు నెల్లసంది ఏం గాలే."

"టెస్టుకి వెళ్ళారా?"

"ఇంకా డేట్ రాలె."

"వెళ్ళినప్పుడు చెప్పండి, నేనూ వస్తాను చూడ్డానికి."

వాడు కారు కిందికి దూరాడు. బోల్టులు తుప్పుపట్టి మూడు గంటలు ఏడిపించాయి. పిల్లి తన స్థానంలోకి వచ్చాక, పాత రాత తిరిగి రాయడానికి పెట్టెను పోర్టుకు తగిలించాను. దీనికి వాళ్ళు వాడే మాట 'అన్‌మ్యారీ'. నిజంగా విడిపోవాలనుకుంటున్నావా అని తెరమీద అడిగింది. నా వేలు ఒక్క క్షణం ఆగింది.

"యెస్ నొక్కండి," అంది వెనక నుంచి నా అసలు భార్య.

పెళ్ళికి ఏడు నిమిషాలు పట్టింది, విడాకులకు పదకొండు. ఎక్కడైనా అంతేనట.

ఆ రోజు నుంచి మా జీవితం ఆ అమ్మాయి కాగితం చెప్పినట్టు నడిచింది. కారు ఎనిమిది గంటలు నిద్రపోవాలి. లేవగానే పరుగెత్తించకూడదు, రెండు నిమిషాలు నిలబెట్టాలి. తరవాత హైవేమీద యాభై అయిదు మైళ్ళ వేగంతో, తగ్గకుండా పెరగకుండా, పది నిమిషాలు పోవాలి. ఆ తరవాత బ్రేకు తొక్కకుండా కాలు తీసేసి దానంతటది నెమ్మదించనివ్వాలి. ట్యాంకులో పెట్రోలు సగానికి అటూఇటూగా ఉండాలి. ఇదంతా చేస్తుంటే కారు తన పరీక్షలు తనే ఒక్కొక్కటిగా రాసుకుంటుంది. స్కానర్‌లో చూడొచ్చు కాని ముట్టుకోకూడదు. ఎనిమిది పరీక్షలు. పూర్తయినదానికి ఆకుపచ్చ టిక్కు పడుతుంది.

ఆదివారం నేను నడిపాను, ఆమె ఒళ్ళో ఫోను పెట్టుకుని టిక్కులు చూసింది. గంట తిరిగినా రెండే పడ్డాయి.

"యాభై అయిదండీ. అది అరవై మూడు."

"కాలు దానంతటదే..."

"ఇప్పుడు నలభై ఎనిమిది. మీ కాలికి ఫిజియో కావాలి, దిగండి."

ఆమె నడపడం మొదలుపెట్టింది. సూది యాభై అయిదు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. మా వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, పక్కనుంచి పోతూ చేతులు ఊపారు. అవన్నీ ఆశీర్వాదాలుగా తీసుకున్నాం. మంగళవారానికి ఆరు టిక్కులు పడ్డాయి. ఆ సంతోషంలో, ఆమె కొట్టులోకి వెళ్ళి వచ్చేలోగా, కారు ఇంత కష్టపడుతోంది కదా అని ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను.

ఆమె వచ్చి మీటర్ చూసింది. కాగితం చూసింది. నన్ను చూడలేదు. ట్యాంకు నిండుగా ఉంటే ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి లీకవుతోందేమో చూసే పరీక్ష అసలు మొదలే కాదని ఆ కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. బతుకంతా పొదుపు చెయ్యలేనివాణ్ణి, ఇప్పుడు పెట్రోలు ఖర్చు చెయ్యడానికి ఆఫీసుకు సెలవు పెట్టాను. బుధవారం ఏడో నంబరు రోడ్డుమీద కొండ దాటి వించెస్టర్ దాకా వెళ్ళి వచ్చాం. గురువారం మళ్ళీ వెళ్ళాం. ఆకులు రాలుతున్నాయి. ఆమెకు ఆ దారంతా కంఠతా వచ్చేసింది, ఏ మలుపులో స్కూలు ఉందో, ఎక్కడ వంతెన ఇరుకో. గురువారం సాయంత్రానికి ఏడో టిక్కు పడింది. మిగిలింది పిల్లి ఒక్కటే.

"ఒక్కటి లేకపోయినా ఒప్పుకుంటారేమో?" అన్నాను ఆశగా.

"మిగిలింది వేరేదైతే ఒప్పుకునేవాళ్ళేమో. మీది క్యాట్ గొడవ కదా, అది రెడీ కావాల్సిందేనంట. నేను ఫోన్ చేసి అడిగా."

శుక్రవారం పొద్దున ఏడింటికి బయలుదేరాం. సాయంత్రం అయిదుకు కాగితం పంపాలి. కారులో రేడియో పెట్టలేదు. కొండ ఎక్కేదాకా ఆమె సూదిని చూసింది, నేను ఫోన్ను చూశాను. పైనుంచి దిగడం మొదలయ్యాక ఆమె కాలు తీసేసింది. కారు ఏ చప్పుడూ లేకుండా దిగుతోంది. నేను లోపల లెక్కపెడుతున్నాను. పద్దెనిమిదో అంకె దగ్గర ఎర్రగా ఉన్న గడి ఆకుపచ్చగా మారింది.

"పడింది," అన్నాను.

"ఏంటీ?"

"పిల్లి! పిల్లి పాసైంది!"

ఆమె కారును నిదానంగా, ఇండికేటర్ వేసి మరీ, పక్కనున్న గ్యాస్ స్టేషన్లోకి తిప్పి ఆపింది. స్టీరింగ్ మీద తల ఆనించింది. ఏడుస్తోందనుకుని భుజంమీద చెయ్యి వేశాను. నవ్వుతోంది. "పిల్లి పాసైందంట," అని తనలో తనే అనుకుంటూ నవ్వుతోంది. ఫ్లాస్కులోని టీ ఇద్దరం ఒకే మూతలో పోసుకుని తాగాం. అంత రుచిగల టీ నేను ఎన్నడూ తాగలేదు, చక్కెర వెయ్యడం మరిచిపోయినా.

పదకొండింటికి స్టేషన్లో అదే అమ్మాయి కేబుల్ తగిలించింది. నేను ఈసారి దేవుణ్ణి ఇబ్బంది పెట్టలేదు.

"రెడీ, అంకుల్! అన్నీ రెడీ. రెండు వందల మైల్స్ పైన నడిపావు మీరు."

"నడిపింది ఈవిడమ్మా."

"కంగ్రాట్స్ ఆంటీ!"

ఆంటీ అన్న మాటకు మా ఆవిడ నవ్వు ఒక్క క్షణం తొట్రుపడింది. నాకు తోడు దొరికింది. పాసైన కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే అక్కడే ఫోన్లో రిజిస్ట్రేషన్ రెన్యూ చేసి, దాని కాపీ ఆమె కంపెనీకి పంపాం. లంచ్ టైముకు జవాబు వచ్చింది. సోమవారం కలుద్దాం, అని ఒక్క ముక్క. ఆమె దాన్ని నాకు మూడుసార్లు చదివి వినిపించింది. మూడుసార్లూ మొదటిసారి విన్నట్టే ఉంది నాకు.

ఆ మధ్యాహ్నం కాసేపు పార్కింగ్‌లో కారులో ఊరికే కూర్చున్నాను. గురక లేదు, దీపం లేదు. వీపును సీటుకు అతికించే బలమూ లేదు, దాని అవసరమూ లేదు. నా ఆఫీసులో అలర్ట్ల చిట్టాను, అంటే లాగ్‌ను, చెరిపినవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపుతారు. ఆ సంగతి తెలిసీ, కారు డైరీని మూడు నెలలపాటు చించి పారేశాను. అది మాత్రం చించిన ప్రతిసారీ 'చించబడింది' అని కొత్త పేజీలో రాసుకుంటూనే ఉంది. ఇంజిన్‌ను మార్చుకోవచ్చు, రాతను మార్చుకోవచ్చు. మార్చలేదని మాత్రం దానితో చెప్పించలేం. అబద్ధమాడలేని వస్తువు ఒకటి ఇంట్లో ఉండటం మంచిదే అనిపించింది. మా ఇంట్లో ఇప్పటికి రెండున్నాయి, ఒకటి ఫిజియోథెరపీ చేస్తుంది.

మే నెలలో మిత్రుడి కారుకు టెస్టు తారీకు వచ్చింది. జరిగింది మీరు ఊహించిందే. వాడి పిల్లి వాళ్ళ అటకమీదే ఉంది కాని బోల్టులు విరిగాయి, కొత్తవి వచ్చేదాకా కారు గ్యారేజ్‌లో జాకీమీద ఉంది. ఆ వారమే వాళ్ళత్తగారు కరీంనగర్ నుంచి దిగుతున్నారు.

"మామా, శనివారం నీ కార్ జర ఇయ్యవా? ఎయిర్‌పోర్టుకు పోయి అత్తమ్మను తోల్కొస్త."

"దానికేం భాగ్యం బావా," అని తాళం ఇచ్చాను. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. మా ఆవిడ ఇప్పుడు రోజంతా కారులో తిరుగుతుంది కనుక, ఇన్సూరెన్స్ వాళ్ళు ఓబీడీ పోర్టుకు తగిలించమని ఒక బిళ్ళ పంపారు. ఎవరైనా బ్రేకు గట్టిగా తొక్కితే అది మూడుసార్లు కూస్తుంది, ఆమె ఫోనుకు కబురు పంపుతుంది. నెల రోజుల్లో ఆమె చేతిలో ఒక్కసారి కూడా కుయ్యలేదు. నేను ఇండియన్ స్టోర్‌కి పోయి వచ్చేలోగా అయిదుసార్లు కూసింది.

పన్నెండింటికి ఎయిర్‌పోర్టు నుంచి ఫోను. "మామా, నీ కార్ల ఏదో కూస్తుందిరా!"

"ఎప్పుడు?"

"బ్రేక్ కొట్టినప్పుడల్లా."

"ఓ అదా. కూసినప్పుడల్లా మా ఆవిడ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది బావా. ఇప్పటికి పద్నాలుగు వచ్చాయి. సాయంత్రం అవన్నీ మీ ఆవిడకి చూపిస్తానంటోంది."

"అరే! గది బంద్ చేసేదెట్ల?"

"బటన్ లేదు బావా. మెల్లగా నడిపితే అదే ఊరుకుంటుంది."

ఎయిర్‌పోర్టు నుంచి వాళ్ళింటికి పావుగంట దారి. ఆ రోజు నలభై నిమిషాలు పట్టిందట. అత్తగారు ముందు సీట్లో కూర్చున్నారు. దిగగానే కూతురితో అన్న మాటలు మాకు ఆ సాయంత్రమే చేరాయి.

"నీ మొగడు బండి ఉరికిస్తడని చెప్తివి గదనే. తొట్టెల్ల ఊపినట్టు తోలిండు బిడ్డా! ఇగ నేన్ ఏడికి పోయినా అల్లుని పక్కనే కూసుంట. గిట్లనే తోలాలె."

వాడి కారు బాగై రోడ్డెక్కింది. గుడికి, కొట్టుకు, పార్కుకు, ఎక్కడికి పోయినా ఆవిడ ముందు సీట్లోనే కూర్చుంటున్నారు. సూది కాస్త పైకి లేస్తే చాలు, "అల్లుడా, గట్ల గాదు," అంటున్నారట. మొన్న వాడు నాకు ఫోన్ చేసి, ఆవిడ ఎన్నాళ్ళుంటారో నీకు తెలుసా అని అడిగాడు.

తెలుసన్నాను. ఆర్నెల్ల వీసా.